ముందు నడిచిన ముగ్గురు

1820 ఆగస్టు 20, ఆదివారం పొద్దున. సముద్రమట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఒక తెల్లటి మంచు మైదానం. షామొనీ లోయ జనం దాన్ని గ్రాం ప్లాతో అంటారు. రష్యా చక్రవర్తి కొలువుకు చెందిన శాస్త్రజ్ఞుడు డాక్టర్ జోసెఫ్ హామెల్ అక్కడ కూర్చుని రెండు చీటీలు రాస్తున్నాడు. ఆల్ప్స్ పర్వతాలన్నిటిలోకీ ఎత్తయిన మోం బ్లాం శిఖరాన్ని తమ జట్టు చేరుకుందన్నది ఆ చీటీల్లోని కబురు. నిజానికి ఇంకా చేరలేదు. అందుకే గంట ఎంతయిందో రాయాల్సిన చోట ఖాళీ వదిలాడు. పైకెళ్లాక ఆ ఖాళీ పూరించి, ఒక చీటీని వెంట తెచ్చిన పావురానికి కట్టి ఎగరెయ్యాలి. అంత పలచటి గాలిలో పక్షి రెక్కలు పనిచేస్తాయా, దాని జోడు ఉన్న సలాంష్ ఊరికి అది దారి పట్టుకోగలదా అన్నది చూడాలి.

గైడ్లు ఆ పక్కనే ఫలహారం ముగించుకుంటున్నారు. రెండు రాత్రులు రాతిబండ మీద ఇరుక్కుని, వానలో తడిసి, చలికి వణికినవాళ్లు. ఇప్పుడు ఎండ కాస్తోంది. శిఖరం ఎదురుగా కనిపిస్తోంది. ఇంకో రెండు మూడు గంటల నడక, అంతే అనుకున్నారు అందరూ.

చీటీల్లోని ఆ ఖాళీ పూరించే అవసరం రాలేదు.

ఆ లోయలో కొండ ఎక్కడమనేది అప్పటికి కొత్త జీవనోపాధి. అంతకుముందు షామొనీ చుట్టుపక్కల పల్లెల్లో జనం పశువుల్ని మేపుకునేవారు, చిన్న చిన్న మడిచెక్కల్లో ధాన్యం పండించుకునేవారు. గుండె ధైర్యం ఉన్నవాళ్లు మంచు అంచుల దాకా పోయి కొండమేకల్ని వేటాడేవారు, రాళ్ల సందుల్లో స్ఫటికాలు ఏరి తెచ్చి అమ్ముకునేవారు. 1741లో విండమ్, పోకాక్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు వచ్చి, ఊరివాళ్లను వెంటబెట్టుకుని మోంతాంవేర్ అనే గట్టు ఎక్కి, దాని కింద పరుచుకున్న మంచునదిని చూసి వెళ్లారు. వాళ్ల రాతలు చదివిన యూరప్ ఆ లోయకు కదిలింది. పొద్దున పల్లెలోంచి బయల్దేరి, ఫర్ చెట్ల అడవి గుండా గట్టు ఎక్కి, సాయంత్రానికి తిరిగొచ్చే ఆ ఒక్కరోజు కొండనడకే షామొనీకి మొదటి బేరం. ఆనాటి పల్లెటూరి మనిషి తాను రోజూ నడిచే దారినే పరాయివాడికి చూపించి డబ్బు తీసుకోవడం అక్కడ మొదలైంది.

జెనీవా శాస్త్రవేత్త సోస్యూర్ దాన్ని ఇంకా పైకి తీసుకెళ్లాడు. మోం బ్లాం ఎక్కే దారి కనిపెట్టినవాళ్లకు బహుమతి ఇస్తానని 1760లో ప్రకటించాడు. పాతికేళ్లు దాటినా ఎవరివల్లా కాలేదు. చివరికి 1786 ఆగస్టు 8న స్ఫటికాలు ఏరే జాక్ బాల్మా, ఊరి వైద్యుడు పకార్ కలిసి సాయంత్రం వేళకు శిఖరం మీద నిలబడ్డారు. మరుసటేడు సోస్యూర్ తానే 18 మంది గైడ్లతో ఎక్కి కొలతలు తీసుకున్నాడు. ఇక ఆ తరువాత వచ్చే ప్రతి దొరకూ శిఖరమే కావాలి. 4,800 మీటర్ల పైచిలుకు ఎత్తుకు బారోమీటర్లు, దుప్పట్లు, వండిన మాంసం, వైన్ సీసాలు మోసుకుపోయేది మాత్రం లోయలోని పల్లెలవాళ్లు. కొండ వాళ్ల పేరిట ఎక్కలేదు. చరిత్రలో ఎక్కినవాళ్ల జాబితా అంటే డబ్బిచ్చినవాళ్ల జాబితా.

ఆగస్టు 18, శుక్రవారం నాడు హామెల్ జట్టు షామొనీ నుంచి బయల్దేరింది. ఆయన వెంట ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు ఇంగ్లీషువాళ్లు, జోసెఫ్ డోర్న్‌ఫర్డ్, గిల్బర్ట్ హెండర్సన్. జెనీవా నుంచి సెలీక్ అనే మరొకాయన. చుట్టూ గైడ్లు. ఆర్వ్ నది ఒడ్డున పొలాలు, చెక్క ఇళ్లు, ఇళ్ల ముందు పేర్చిన కట్టెలు దాటుకుంటూ నడక సాగింది. లోయ చివరి పల్లెల దగ్గర ఏటవాలు మొదలవుతుంది. అడవి, అడవి దాటాక పచ్చిక, పచ్చిక దాటాక రాళ్లగుట్టలు. ఆ పైన బోసోం హిమానీనదం.

దాని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో అసలు పాత్ర దానిదే. హిమానీనదం నది లాగే పారుతుంది, కంటికి తెలియనంత నెమ్మదిగా. కొండ వంపు తిరిగిన చోట, వాలు పెరిగిన చోట మంచు సాగలేక బీటలు వారుతుంది. కొన్ని బీటల అడుగు కనపడదు. వాటి మీద కొత్త మంచు పలచగా కప్పితే అక్కడ బీట ఉందనే తెలియదు. అందుకే గైడ్లు నిచ్చెన మోసుకుపోయేవారు. బీటకు అడ్డంగా దాన్ని పరిచి ఒక్కొక్కరినే దాటించేవారు. ముందు వెళ్లే గైడు ఇనుప మొన ఉన్న పొడుగాటి కర్రతో మంచును గుచ్చి చూస్తూ, గట్టిగా తగిలితేనే అడుగు వేస్తాడు. అతని అడుగుల్లోనే మిగతావాళ్లు అడుగులు వేస్తారు.

సాయంత్రానికి మంచు మధ్యలో పొడుచుకొచ్చిన గ్రాం మ్యూలే రాళ్ల మీదికి చేరారు. ఎత్తు 3,000 మీటర్ల పైన. అక్కడ గుడారమంటే కర్రలూ నిచ్చెనా బండకు ఆనించి పైన గుడ్డ కప్పడమే. ఆ రాత్రి ఉరుములు, మెరుపులు, కుండపోత వాన. తెల్లారాకా వదల్లేదు. శనివారమంతా ఆ బండ మీదే గడిచింది. కింద లోయలో వాన అంటే అక్కడ పైన కొత్త మంచు. శిఖరం కింది వాలు మీద, ఎండాకాలమంతా ఎండకు కరిగి రాత్రికి గట్టిపడ్డ పాత మంచు మీద, పొడి పొడిగా మరో పొర చేరుతోంది. ఆ రెండు పొరలకూ మధ్య పట్టు ఉండదు. ఎవరైనా అడ్డంగా నడిచి గాటు పెడితే, పై పొర మొత్తం జారిపోవచ్చు. ఈ సంగతి ఇవాళ మంచుకొండల మీద శిక్షణ ఇచ్చే ప్రతి బడిలోనూ చెబుతారు. 1820లో లోయలోని వేటగాళ్లకు అది పుస్తక జ్ఞానం కాకపోయినా, కొత్త మంచు కురిసిన వెంటనే వాలు మీదికి పోవడం మంచిది కాదని అనుభవం చెప్పేది.

ఆదివారం తెల్లవారుజామున ఆకాశం తేటపడింది. అక్కడే జట్టులో మాట తేడా వచ్చింది. తరువాతి కాలంలో వచ్చిన పుస్తకాల్లో, గైడ్లు దిగిపోదామన్నారనీ, హామెల్ వాళ్లను పిరికివాళ్లన్నాడనీ ఉంది. ప్రయాణికుల వైపు నుంచి వచ్చిన కథనం వేరు: వాతావరణం బాగుపడింది కాబట్టి గైడ్లు ఇష్టపడే బయల్దేరారని వాళ్లు చెప్పుకున్నారు. రెండు వందల ఏళ్లుగా ఈ వాదన నడుస్తూనే ఉంది. సెలీక్ మాత్రం రానని గ్రాం మ్యూలే దగ్గరే ఆగిపోయాడు. ఆయన ప్రయాణికుడు. డబ్బు ఇచ్చేవాడు. ఆగిపోతానంటే ఎవరూ కాదనలేదు.

నా మటుకు నాకు, పిరికివాళ్లు అన్న మాట పడిందా లేదా అన్నదాని కన్నా, ఆ పొద్దున గైడు ఎక్కడ నిలబడి ఉన్నాడన్నది ముఖ్యం. పైకి వెళ్తేనే పూర్తి కూలి, పేరు, మరుసటి బేరం. శిఖరం ఎక్కించలేకపోయాడన్న మాట లోయలోని సత్రాల్లో పాకితే వచ్చే ఏడు అతన్ని ఎవరు పిలుస్తారు? ఎవరూ ఒక్క గట్టి మాట అనకపోయినా అతని మీద ఒత్తిడి ఉంది. ఇంట్లో పిల్లలున్నవాడికి అది చాలు.

గ్రాం ప్లాతో దగ్గర ఫలహారం అయింది. చీటీలు రాయడం అయింది. వరస కట్టి, శిఖరం కింది వాలు మీద అడ్డంగా నడక మొదలుపెట్టారు. ఆ కాలంలో ఒకరితో ఒకరు తాడు కట్టుకుని నడిచే అలవాటు స్థిరపడలేదు. ముందు గైడ్లు, కొత్త మంచులో కాలుపెట్టి దారి చేస్తూ. వెనక ప్రయాణికులు, ఆ చేసిన దారిలో. అందరికన్నా ముందున్నవాళ్లలో ముగ్గురు పియేర్ కారియే, పియేర్ బాల్మా, ఒగుస్త్ తేరా. వాలు అడుగున, వాళ్ల కాళ్ల కింద చాలా దూరాన, నోరు తెరుచుకున్న బీట ఒకటుంది.

కాళ్ల కింద మంచు కదిలింది. పెద్ద చప్పుడేమీ లేదు. వాలు మీద పై పొర అంతా ఒక్కసారిగా తెగి జారడం మొదలైంది. దానితో పాటే మనుషులు. హామెల్, ఇంగ్లీషువాళ్లు దొర్లుతూ, మునుగుతూ, తేలుతూ కొంత దూరం పోయి ఆగారు. మాత్యూ బాల్మా అనే గైడు ఇనుప మొన కర్రను మంచులోకి బలంగా దింపి నిలదొక్కుకున్నాడు. తలలు లేచాయి. లెక్కపెట్టుకున్నారు. మనుషులు తక్కువున్నారు.

ముందు నడిచినవాళ్లను జారిన మంచు బీటలోకి తోసి, పైన తానూ పడి పూడ్చేసింది. జోసెఫ్ మరీ కుత్తే, జూలియాం దెవుఆసూ అనే గైడ్లు కూడా అందులో చిక్కుకున్నారు గాని, తోటివాళ్లు లాగి బయటపడేశారు. మిగతా ముగ్గురి జాడ లేదు. కర్రలతో గుచ్చారు. పేరు పెట్టి పిలిచారు, చెవులు మంచుకు ఆనించి విన్నారు. ప్రయాణికులు కూడా బీటలోకి దిగి వెతికారు, ఆ మాట వాళ్ల పక్షాన చెప్పి తీరాలి. మంచు గట్టిపడుతోంది, పైనుంచి ఇంకో పొర జారితే మిగతావాళ్లూ ఉండరు. చివరికి ఇక లాభం లేదని చెప్పింది గైడ్లే. తమ తోటివాళ్లు కింద ఉండగా, పైన నిలబడి ఆ మాట అనాల్సి వచ్చింది వాళ్లకు.

ఆ రాత్రి షామొనీలో మూడు ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చావు వచ్చింది గాని శవం రాలేదు. పాతిపెట్టడానికి మట్టి లేదు. ఎక్కించిన కొండ పక్కనే, కిటికీ తీస్తే కనిపిస్తూ, ఎప్పుడూ అక్కడే.

ఆ తరువాతి ఏడాది, 1821లో, షామొనీ గైడ్లు ఒక సంఘంగా ఏర్పడ్డారు. ప్రపంచంలో కొండ గైడ్ల సంఘాలకు అదే మొదటిది, ఇప్పటికీ పనిచేస్తోంది. పని వరస ప్రకారం అందరికీ దక్కాలి, పలుకుబడి ఉన్న ఇద్దరు ముగ్గురికే కాదు అన్నది ఒక నియమం. ప్రమాదంలో పోయినవాడి ఇంటికి, దెబ్బతిని మూలపడ్డవాడికి సాయం చెయ్యడానికి ఒక నిధి పెట్టుకున్నారు. వరస పద్ధతి మీద తరువాత బోలెడు విమర్శ వచ్చింది. మంచి గైడును ఎంచుకునే వీలు లేకుండా పోయిందని డబ్బిచ్చి వచ్చేవాళ్లు విసుక్కున్నారు. వాళ్ల విసుగులో కొంత న్యాయం ఉంది. కాని ఒకడికి ఈ బేరం పోతే మళ్లీ బేరం రాదేమోనన్న భయం లేకపోతేనే, వాడు వాలు ముందు నిలబడి ఈ రోజు వద్దు అనగలడు. నిధి, వరస, రెండూ కలిస్తేనే ఆ మాటకు వెన్నుదన్ను.

మంచు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ ఫోర్బ్స్ 1842లో షామొనీ పక్కనున్న మేర్ ద గ్లాస్ హిమానీనదం మీద గుర్తులు పాతి, అది రోజుకు ఎంత కదులుతుందో, అంచుల కన్నా నడుమ ఎంత వేగంగా సాగుతుందో కొలిచాడు. ఆ వేగం పట్టి చూస్తే 1820లో పైన పూడుకుపోయినవాళ్లు సుమారు నలభై ఏళ్లకు కింద బయటపడాలని ఆయన అంచనా వేశాడు. విన్నవాళ్లలో నమ్మినవాళ్లు ఎంతమందో గాని, 1861 ఆగస్టులో బోసోం హిమానీనదం కింది అంచున మనుషుల అవశేషాలు కనిపించాయి. నలభై ఒక్క ఏళ్లు. దాదాపు రెండున్నర వేల మీటర్ల ఎత్తు కిందికి దిగి వచ్చారు.

దొరికినవాటిని ఊరికి తెచ్చి అధికారుల ముందు పెట్టారు. పుర్రెలు, వెంట్రుకలు, బట్టల పేలికలు, లాంతరు ముక్క, విరిగిన కర్ర. ఒక చెయ్యి, వేళ్లతో సహా, మంచు కాపాడిన చెయ్యి. ఒక పావురం రెక్క.

బతికి ఉన్నవాళ్లను పిలిచారు. ఆనాటి గైడ్లలో దెవుఆసూ పండు ముసలివాడు. చూపించినవాటిని చూసి కూడా చలించలేదు, వయసు జ్ఞాపకాన్ని మింగేసింది. కుత్తేకు మాత్రం డెబ్బై దాటినా నిన్న జరిగినట్టే ఉంది. ఏ టోపీ ఎవరిదో, ఏ వస్తువు ఎవరి మూటలోదో చెప్పుకుంటూ పోయాడు. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి అది పియేర్ బాల్మాదని గుర్తుపట్టాడు. చచ్చిపోయేలోగా ఆ నేస్తం చేతిని మళ్లీ పట్టుకుంటానని తాను కలలో కూడా అనుకోలేదని అన్నాడు. మార్క్ ట్వేన్ 1880లో అచ్చయిన తన యాత్రాగ్రంథం ‘ఎ ట్రాంప్ అబ్రాడ్’లో ఈ ఘట్టాన్ని చెప్పాడు. వయసులో ఉండగా వెళ్లిన మిత్రులు ఆ వయసులోనే తిరిగొచ్చారు. వాళ్లను గుర్తుపట్టిన వాడికి జుట్టు నెరిసింది, నడుం వంగింది.

ఈ బోసోం హిమానీనదానికి మనతోనూ బంధం ఉంది, అది కూడా దుఃఖంతో కూడిన బంధమే. 1950 నవంబర్ 3న బొంబాయి నుంచి లండన్ వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ‘మలబార్ ప్రిన్సెస్’ జెనీవాలో దిగబోతూ మోం బ్లాంను ఢీకొంది. 48 మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది ఓడల్లో పనికి వెళ్తున్న భారతీయ నావికులు. చలికాలపు మంచులో, ఎవరైనా బతికి ఉంటారేమోనన్న ఆశతో షామొనీ నుంచి పైకి బయల్దేరిన జట్టులో ముందు నడిచిన గైడు పేరు రెనే పేయో. దారిలోనే మంచు అతన్ని మింగింది. 1966 జనవరి 24న అదే కొండకు ‘కాంచనజంఘ’ విమానం తగిలి 117 మంది చనిపోయారు, డాక్టర్ హోమీ భాభా వాళ్లలో ఒకరు. హిమానీనదం ఆ రెండు విమానాల ముక్కల్నీ ఇప్పటికీ కిందికి తెచ్చి పడేస్తోంది. 2012లో దౌత్య కార్యాలయపు ఉత్తరాల సంచీ, 2013లో రత్నాలున్న చిన్న పెట్టె, 2020లో ఇందిరాగాంధీ ప్రధాని కాబోతున్నారన్న వార్తలున్న పత్రికలు దొరికాయి. మనం భాభా పేరు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. పరిచయం లేని మన నావికుల కోసం చనిపోయిన రెనే పేయో పేరు మన పాఠాల్లో ఒక్కచోటైనా ఉండాలని నాకు గట్టిగా ఉంది.

తెలుగువాళ్లకు కొండ అంటే 2014 గుర్తొస్తుంది. ఆ ఏడాది మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి బండ మీద మొదలైన వాళ్ల శిక్షణ ఎవరెస్ట్ దాకా తీసుకెళ్లింది. వాళ్లు టిబెట్ వైపు దారి పట్టారు, షెర్పాలు వెంట నడిచారు. ఆ విజయాన్ని మనం ఊరూరా పండగ చేసుకున్నాం. అయితే సరిగ్గా అదే కాలంలో, కొండకు అవతలి పక్క నేపాల్ దారిలో, ఏప్రిల్ 18న ఖుంబూ హిమానీనదం మీద మంచుబండలు విరిగిపడి 16 మంది చనిపోయారు. అందరూ నేపాలీలు. డబ్బిచ్చి ఎక్కబోయే వాళ్ల కోసం తెల్లవారకముందే గుడారాలు, తిండి, తాళ్లు మోసుకుంటూ, దారి కట్టుకుంటూ ముందు నడిచినవాళ్లు. డబ్బిచ్చినవాళ్లు ఆ వేళకు కింద శిబిరంలో ఉన్నారు.

చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి తక్షణ సాయంగా 40,000 నేపాలీ రూపాయలు ఇస్తామని నేపాల్ ప్రభుత్వం ప్రకటించింది. అది వినగానే బేస్ క్యాంపులో షెర్పాల దుఃఖం కోపంగా మారింది. పోయినవాళ్ల కుటుంబాలకు తగిన పరిహారం కావాలన్నారు, బీమా పెంచాలన్నారు, కొండ మీద వసూలయ్యే రుసుములో కొంత తమ సంక్షేమానికి పక్కన పెట్టాలన్నారు. 1821లో షామొనీ వాళ్లు తమకు తాముగా కట్టుకున్న నిధి లాంటిదే వీళ్లు అడిగింది. 1820లో ఆ లోయలో కుదరనిది 2014లో ఎవరెస్ట్ దగ్గర కుదిరింది: ఈ ఏడు మేం ఎక్కం అని చాలామంది షెర్పాలు తేల్చి చెప్పారు. లక్షలు పోసి వచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి కలలు కన్నవాళ్లు ఎదురుగా ఉన్నా మాట మార్చలేదు. ఒక జట్టు తరువాత ఒక జట్టు గుడారాలు విప్పుకుని దిగిపోయింది. నేపాల్ వైపు ఎవరెస్ట్ ఎక్కే పని ఆ ఏడాదికి దాదాపుగా ఆగిపోయింది. ఎత్తుల్లో పనిచేసేవాళ్లకు తప్పనిసరి జీవిత బీమా పది లక్షల నేపాలీ రూపాయల నుంచి పదిహేను లక్షలకు పెరిగింది.